‘నాహీ’ అనే ముందర

పోలీసులు పట్టుకపోయిన మనిషిని మొదటిసారి జడ్జి ముందర నిలబెడితే ఆ పని ఎంతసేపు ఉంటది? నేను చూసినంత వరకు ఐదు నిమిషాలు, మహా అయితే పది. సాంచా మీద నాలుగు పోగులు తెగితే ముడేసి మళ్లీ నడిపించేంత సేపు. ఆ కొంచెం సేపట్లోనే జడ్జి సాహెబు మరాఠీలో ఒక ప్రశ్న అడుగుతాడు: ‘పోలిసాంవిరుద్ధ్ కాహీ తక్రార్ ఆహే కా?’ పోలీసుల మీద ఏమన్నా ఫిర్యాదు ఉన్నదా అని. మనోడు పక్కన నిలబడ్డ హవల్దారు ముఖం చూస్తాడు. ‘నాహీ’ అంటాడు. ఆ నాహీ కాగితం మీదకు ఎక్కుతది. పది రోజుల తర్వాత ‘నన్ను కొట్టిన్రు సాహెబ్’ అని ఏడ్చినా, మొదటి రోజు ఎందుకు చెప్పలేదని అందరూ అడిగేది దాన్నే పట్టుకొని.

నేను చదివింది నాలుగో తరగతి. వకీలును కాదు. మిల్లు మూతబడ్డాక పవర్లూం కార్ఖానాలో పనిచేసిన, ఇప్పుడు కళ్లు సరిగ కనబడక అదీ మానుకున్న. యూనియన్‌లో తిరిగిన మనిషిని గనుక మా వాడకట్టులో ఎవరి పిల్లగాడు ఠాణాకు పోయినా ‘కాకా, జర తోడు రా’ అని పిలుస్తారు. అట్ల సోలాపూర్ కోర్టు బల్లల మీద చానా పగళ్లు గడిచినయి. అక్కడ చూసినవి, జిల్లా విధి సేవా ప్రాధికరణ్ వాళ్లు పెట్టే శిబిరాల్లో విన్నవి కలిపి రాస్తున్న. చదివి, ఇంట్లో ఆడోళ్లకు కూడా వినిపించండి. ఎందుకంటే అర్ధరాత్రి ఠాణా దగ్గరికి ఉరికేది ఎక్కువగా వాళ్లే.

ముందు టైము సంగతి. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల లోపల జడ్జి ముందర నిలబెట్టాలె. ఇది పోలీసుల దయ కాదు, మన రాజ్యాంగంలో 22వ కలం. ఠాణా నుంచి కోర్టుకు తీసుకపోయే ప్రయాణం ఒక్కటే దీంట్ల నుంచి తీసేస్తారు. ఆదివారం, పండుగ, సుట్టీ అని చెప్తే నమ్మొద్దు. సుట్టీ రోజు కూడా ఒక జడ్జికి డ్యూటీ ఉంటది. మావోళ్లు చేసేదేమంటే, ‘రేపు సోమవారం గదా, రేపు చూద్దాం’ అని ఇంటికొచ్చి కూచుంటారు. ఆదివారమే కోర్టుకు తీసుకపోతే అక్కడ వాని తరఫున ఎవరూ ఉండరు.

‘అరెస్టు కాదు, ఊరికే అడగడానికి పిలిచినం’ అని కూచోబెట్టుకునేది ఇంకొకటి. సాయంత్రం పట్టుకపోయి మరునాడు మధ్యాహ్నం పట్టుకున్నట్టు రాసుకుంటే 24 గంటల లెక్క వాళ్ల దిక్కే సాగుతది. అందుకని ఇంట్లో వాళ్లు మొదట చేయాల్సింది ఏడవడం కాదు, టైము రాసుకోవడం. ఎన్ని గంటలకు తీసుకపోయిన్రు, ఎవరు వచ్చిన్రు, ఏ బండి, ఎవరెవరు చూసిన్రు. ఫోన్‌లో మెసేజ్‌గా ఎవరికైనా పంపి పెడితే ఇంకా మంచిది, దాని మీద టైము తనంతట తానే పడతది.

అరెస్టు చేస్తే ఒక మెమో రాయాలె. దాని మీద ఇంటి మనిషిదో, వాడకట్టులో పెద్దమనిషిదో సాక్షి సంతకం ఉండాలె, పట్టుకున్న తారీఖు, టైము ఉండాలె. సంతకం పెట్టే ముందర ఆ టైము చూడండి. తప్పుంటే అక్కడే చెప్పండి. వాడు చెప్పిన ఒక మనిషికి, అన్న గాని దోస్తు గాని, ఫలానా చోట ఉన్నడని పోలీసులే కబురు చేయాలె. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతులు ఇవి, తర్వాత చట్టంలోనే చేర్చిన్రు. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. నంబర్లు మారినయి గాని ఈ హక్కులు పోలేదు. ఆడవాళ్లను పొద్దుగూకినంక, తెల్లవారక ముందు అరెస్టు చేయొద్దు. ఏదో పెద్ద కారణం ఉంటే ఆడ పోలీసు అధికారి ముందే మెజిస్ట్రేట్ దగ్గర ఇజాజత్ తీసుకోవాలె. ఏడేండ్ల వరకు శిక్ష పడే గున్హాలలో పట్టుకపోవడం అవసరమేం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలె. అట్లాంటి నోటీసు వస్తే పారేయొద్దు. చెప్పిన రోజు పోతే అరెస్టు తప్పుతది, పోకపోతే మన చేతులారా అరెస్టుకు కారణం ఇచ్చినట్టు.

పిల్లగాడికి 18 నిండకపోతే మొత్తం తొవ్వే వేరు. వాన్ని లాకప్‌లో పెట్టొద్దు, పెద్దల కోర్టుకు కాదు, బాల న్యాయ మండలి ముందరికి తీసుకపోవాలె. బడి దాఖ్లా పట్టుకొని ఉరకండి. వయసు లెక్కకు చట్టం మొదట చూసేది బడి కాగితమే. మీసం మొలిచిన పదహారేండ్ల పోరన్ని ‘పంతొమ్మిది’ అని రాసుకున్నది నేను కళ్లారా చూసిన.

ఇప్పుడు భాష. మన తెలుగోళ్లకు ఇది అసలు సంగతి. ఎందుకు పట్టుకున్నరో ఆ కారణాలు రాతలో ఇవ్వాలె, అదీ పట్టుబడ్డ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలె. 2025 నవంబరులో సుప్రీంకోర్టు మన మహారాష్ట్ర కేసులోనే ఈ తీర్పు చెప్పింది. అప్పటికప్పుడు రాసిచ్చే వీలు లేకపోతే నోటితో చెప్పి, జడ్జి ముందరికి రిమాండ్‌కు తీసుకపోయే కనీసం 2 గంటల ముందు కాగితం చేతికివ్వాలె అన్నది. ఇవ్వకపోతే ఆ అరెస్టు, ఆ రిమాండ్ చెల్లవు. తర్వాత కాగితం ఇచ్చి మళ్లీ రిమాండ్ అడగొచ్చు గాని, ఇయ్యకుండ నడవదు.

భాష సంగతి కొత్తదేం కాదు. 1962లోనే, మహారాష్ట్ర కేసే అది, ఒక మనిషిని నిర్బంధంలో పెట్టి కారణాలు ఇంగ్లీషులో ఇచ్చిన్రు. ఆయనకు ఇంగ్లీషు రాదు. సుప్రీంకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టేసింది.

మనలో మరాఠీ బడిలో చదివిన పిల్లలు ఉన్నరు. వాళ్లకు మరాఠీ కాగితం ఇస్తే సరే, రాదని అబద్ధమాడితే జడ్జి దగ్గర పరువు పోతది. కాని బజార్ల బేరం ఆడేంత మరాఠీ వేరు, పోలీసు కాగితం చదివే మరాఠీ వేరు. నలభై ఏండ్లు ఇక్కడ బతికిన మా వదినకు కూరగాయలోళ్లతో కొట్లాడేంత మరాఠీ వచ్చు, ‘ఫిర్యాది’ ఎవరు ‘ఆరోపి’ ఎవరు అంటే తడబడతది. అట్లాంటి వాళ్లు సిగ్గు పడకుండ ‘మలా తెలుగు సమజ్‌తే, మరాఠీ నీట్ సమజత్ నాహీ’ అని చెప్పాలె. తర్వాత కేసు నడిచి సాక్షులు చెప్పేటప్పుడు కూడా, అర్థం కాని భాషలో చెప్పింది కోర్టులో విప్పి చెప్పాలని చట్టంలో ఉన్నది.

మూడోది వకీలు. ‘ఫుకట్ వకీలు ఏం చేస్తడు?’ అని మావోళ్లు మూతి తిప్పుతారు. వడ్డీకి అప్పు తెచ్చి, కోర్టు గేటు దగ్గర దొరికిన ఏజెంటు చేతిలో పోసి వస్తారు. నా మాట వినండి. మొదటి రోజు వకీలు చెప్పాల్సింది నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలకు విధి సేవా ప్రాధికరణ్ వకీలు చాలు. పెద్ద కేసు అయితే, సొంత వకీలు కావాలంటే నెమ్మదిగ తర్వాత చూసుకోవచ్చు.

1987 చట్టం ప్రకారం లాకప్‌లో గాని జైల్లో గాని ఉన్న మనిషికి ఉచిత వకీలు హక్కు. ఆడవాళ్లకు హక్కు. షెడ్యూల్డు కులాల వాళ్లకు హక్కు. ఇంకొక మాట మనోళ్లకు చానా మందికి ఎరుక లేదు: ఆ పట్టీలో కార్ఖానా కామ్‌గార్ పేరు కూడా ఉన్నది. వీళ్లెవ్వరికీ ఆదాయం ఎంత అని చూడరు. సాంచాలు నడిపేవాడు దానం అడుగుతున్నట్టు చేతులు కట్టుకోవాల్సిన పని లేదు. ఠాణాలో విచారణ జరిగేటప్పుడు కూడా వకీలును కలవొచ్చు, పూర్తిసేపు పక్కన కూచోనివ్వరు గాని కలవనివ్వాలె. జడ్జి ముందరికి వచ్చిన మొదటిసారే ‘నీకు వకీలు ఉన్నడా, లేకపోతే సర్కారు ఖర్చుతో ఇస్తం’ అని జడ్జే చెప్పాలె. బిహార్‌లో భాగల్‌పూర్‌లో ఖైదీల కళ్లు పొడిచిన ఘోరం జరిగినప్పుడు, 1980లో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగ చెప్పింది. 2012లో ముంబై దాడుల కసబ్ కేసులో మళ్లీ చెప్పింది. కసబ్‌కు దొరికిన హక్కు మన టవల్ కార్ఖానా పిల్లగాడికి ఎందుకు దొరకదు? 15100 నంబరుకు ఫోన్ చేస్తే విధి సేవా వాళ్లు పలుకుతారు. ఈ నంబరు గోడ మీద రాసిపెట్టండి.

జడ్జి ముందర ఏమైతదో చెప్తా. పోలీసులు ‘పోలీస్ కోఠడీ’ అడుగుతారు, అంటే తమ లాకప్‌లోనే ఇంకా పెట్టుకుంటమని. వకీలు వద్దంటాడు. జడ్జి పోలీస్ కోఠడీ ఇవ్వొచ్చు, లేకపోతే ‘న్యాయాలయీన్ కోఠడీ’, అంటే జైలు, లేకపోతే జామీను. పోలీస్ కోఠడీ మొత్తం కలిపి 15 రోజులు దాటొద్దు. కొత్త చట్టంలో ఆ 15 రోజులను ముక్కలు ముక్కలుగ, మొదటి 40 లేక 60 రోజులలో ఎప్పుడైనా అడగొచ్చు. కాబట్టి జైలుకు పోయిండు గదా, ఇక పోలీసుల చేతికి రాడని నిమ్మళంగ ఉండొద్దు. పోలీస్ కోఠడీ అడిగినప్పుడు మనిషిని జడ్జి కండ్ల ముందర నిలబెట్టాలె, వీడియోలో చూపెట్టి తీసుకోవద్దు. ఎందుకు? దెబ్బలు వీడియోలో కనబడవు.

మా గల్లీ పిల్లగాడి సంగతి చెప్తా, పేరు వద్దు. వాడు పనిచేసే కార్ఖానాలో నూలు బాచకాలు పోయినయి. శనివారం పొద్దుమూకి వాన్ని పట్టుకపోయిన్రు, ఆదివారం కోర్టుకు తెచ్చిన్రు. వాని తల్లి బీడీలు చేస్తది, ఆమె మా వెంట వచ్చి వెనక బల్ల మీద కూచున్నది. జడ్జి అడగాల్సిన ప్రశ్న అడిగిండు. వీడు హవల్దారును చూసి ‘నాహీ’ అన్నడు. తల్లి వెనక నుంచి తెలుగులో గట్టిగ, ‘కాళ్లు చూపెట్టు బిడ్డా, కాళ్లు చూపెట్టు’ అన్నది. కోర్టులో అట్ల అరవొద్దు, నాకే భయమైంది. జడ్జి మాత్రం కోపం చేయలేదు. ఆమె ఏమంటుందని అడిగిండు. అక్కడున్న చిన్న వకీలు ఒకాయనకు తెలుగు వస్తది, ఆయన మరాఠీలో చెప్పిండు. జడ్జి దగ్గరికి పిలిచి చెప్పు విప్పమన్నడు. అరికాళ్లు ఉబ్బి నల్లగ కమిలి ఉన్నయి. జడ్జి అది రాయించిండు, సివిల్ ఆస్పత్రికి పంపి రిపోర్టు తెమ్మన్నడు. పోలీసులు 5 రోజుల కోఠడీ అడిగిన్రు, ఆయన జైలుకు పంపిండు. జైలుకు పంపితే ఆ తల్లి సంబురపడ్డది. లాకప్‌కు మళ్లీ పోలేదని.

అరెస్టు అయిన వెంటనే డాక్టరు చూడాలె, దెబ్బలుంటే రాయాలె, ఆ రిపోర్టు నకలు పట్టుబడ్డ మనిషికి గాని వాడు చెప్పిన వాళ్లకు గాని ఇవ్వాలె. డాక్టరు దగ్గర కూడా మావోళ్లు ‘పడ్డ’ అంటారు. పక్కన పోలీసు నిలబడితే ఎవడైనా అట్లనే అంటాడు, నేను తప్పు పట్టను. కాని జడ్జి దగ్గర మాత్రం ఒక్క మాట చాలు: ఎప్పుడు, ఎక్కడ, దేంతో కొట్టిన్రు. కథ వద్దు, తిట్లు వద్దు. కొట్టకపోతే కొట్టిన్రని చెప్పొద్దు. అది నిజంగ దెబ్బలు తిన్నవాని మాటకు విలువ తీస్తది.

దొంగతనం చేసినవా లేదా అని మొదటి రోజు ఎవరికీ జవాబు చెప్పే పని లేదు. తన మీద తానే సాక్ష్యం చెప్పేటట్టు ఎవరినీ బలవంతం చేయొద్దని రాజ్యాంగంలో 20వ కలంలో ఉన్నది. పోలీసుల ముందర ఒప్పుకున్న మాట కోర్టులో గున్హా రుజువు చేయడానికి పనికిరాదు. అయినా కోరా కాగితం మీద సంతకం గాని వేలిముద్ర గాని పెట్టొద్దు.

చిన్న కేసులలో ఇంకో గుంత ఉన్నది. పత్తాలాట, మట్కా, గల్లీలో లొల్లి. ‘గున్హా కబూల్ ఆహే కా?’ అని అడిగితే ‘హో’ అను, దండం కట్టి ఇంటికి పో, ఒక రోజు పని ఖాడా ఎందుకు, అని ఏజెంటు చెవిలో చెప్తాడు. ‘హో’ అన్నవంటే నువ్వు శిక్ష పడ్డ మనిషివి. రేపు పాస్‌పోర్టుకు, సెక్యూరిటీ నౌకరీకి పోలీసు వెరిఫికేషన్‌లో అది బయటికొస్తది. చేయని పనికి రోజు కూలి మిగులుతదని ఒప్పుకోవద్దు.

‘చాప్టర్ కేసు’ అని మనోళ్లు అనేది వేరు. అది గున్హా కేసు కాదు, ముందు జాగ్రత్త కింద శాంతిగ ఉంటనని ముచల్కా రాయించుకునేది. సోలాపూర్‌లో కమిషనరేట్ ఉన్నది గనుక అది ఏసీపీ ముందర నడుస్తది, జడ్జి ముందర కాదు. అక్కడ కూడా వకీలును పెట్టుకోవచ్చు.

ఇక జామీను. కొన్ని గున్హాలలో జామీను హక్కు. మామూలు చేయి దెబ్బల కొట్లాట అట్లాంటిదే, ఠాణాలోనే జామీను ఇవ్వాలె. మిగతా వాటిలో జడ్జి ఇష్టం, అయితే ఆడవాళ్లు, రోగులు, చేతగాని వాళ్ల సంగతి చట్టం వేరుగ చూడమంటది. మనకు కష్టం జామీను దొరకడంలో లేదు, దొరికినంక జామీన్‌దార్ దొరకడంలో ఉన్నది. కోర్టు సాత్‌బారా అడుగుతది, ఘర్‌పట్టీ అడుగుతది. మనం ఉండేది కిరాయి చాళ్లు. సొంతిల్లు ఉన్న బావమరిది సిరిసిల్లలో ఉంటాడు. నాకు తెలిసిన ఒక సాంచాల మనిషి జామీను మంజూరైనంక కూడా పద్దెనిమిది రోజులు జైల్లోనే ఉన్నడు. ఊరి జామీన్‌దారే కావాలన్నరని అందరూ చేతులెత్తేసిన్రు. ఆ పద్దెనిమిది రోజుల్లో ఆయన నడిపే సాంచాలు వేరేవాళ్లకు పోయినయి, బిడ్డకు కుదిరిన సంబంధం కూడా పోయింది.

1978లో మధ్యప్రదేశ్‌లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసు ఇట్లాంటిదే. మెజిస్ట్రేట్ 10,000 రూపాయల జామీను అడిగిండు. అన్నదమ్ముడు జామీను ఉంటనంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని కాదన్నడు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పు పట్టి, 1,000 రూపాయల సొంత ముచల్కా మీద విడిచిపెట్టమన్నడు. ఆ తీర్పులో ఆయన అడిగిన ప్రశ్నలో మన పేరు కూడా ఉన్నది. మలయాళీ, కన్నడిగ, తమిళ, తెలుగు మనిషి దూరదేశంలో పట్టుబడితే అక్కడ ఆస్తి ఉన్న జామీన్‌దార్‌ను ఎక్కడి నుంచి తెస్తడని ఆయన అడిగిండు. ఆ ఇద్దరు ముగ్గురు జడ్జీలలో ఎవరికీ మన చాళ్లు తెలియవు గాని, మన కష్టం తెలిసింది.

కాబట్టి వకీలుతో ఈ మాటలు అడిగించండి. ‘రోఖ్ జామీన్’ మీద విడిచి, జామీన్‌దార్‌ను తెచ్చుకోవడానికి కొన్ని వారాలు టైము ఇయ్యుమని. లేకపోతే ‘జాత్ ముచల్కా’ మీద విడువుమని. హక్కు జామీను గున్హాలో వారం లోపల జామీను తేలేకపోతే ఆ మనిషిని పేదవాడిగ లెక్కగట్టి ఉత్త ముచల్కా మీద విడువాలని చట్టంలోనే రాసి ఉన్నది. మంజూరైన 7 రోజులకు కూడా బయటికి రాకపోతే జైలు అధికారి విధి సేవా ప్రాధికరణ్‌కు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరే పోయి అక్కడ అర్జీ ఇస్తే ఇంకా తొందర. కిరాయి జామీన్‌దార్లు గేటు దగ్గర తిరుగుతారు, వాళ్ల కాగితాలు సగం దొంగవి. దొరికితే ఇంకో కేసు మీద పడతది.

జామీను రాకపోయినా ఒక లెక్క పెట్టుకోండి. పోలీసులు 60 రోజుల లోపల, పదేండ్లు గాని అంతకు పైన గాని శిక్ష పడే పెద్ద గున్హాలలో 90 రోజుల లోపల దోషారోప్ పత్రం వేయకపోతే జామీను హక్కు అయితది. కాని అర్జీ పెట్టాలె. వాళ్లు పత్రం వేసేలోపలే పెట్టాలె. మొదటి రిమాండ్ రోజు నుంచి క్యాలెండర్ మీద గీతలు గీసి లెక్క చూడండి.

బయటికి వచ్చినంక తారీఖు మరవొద్దు. తారీఖుకు పోకపోతే వారెంటు వస్తది, జామీను పోతది, జామీన్‌దార్ నెత్తిన పడతది. రాత్రి పాళీ ఉంటే మాలకుకు ముందే చెప్పి బదిలీ మనిషిని పెట్టించండి. జ్వరమో, చావో వచ్చి పోలేకపోతే పొద్దున్నే వకీలుకు ఫోన్ చేసి గైర్‌హాజరీ అర్జీ పెట్టించండి. పదకొండు కొట్టక ముందే చేయాలె ఆ ఫోన్, పేరు పిలిచినంక చేస్తే పనికిరాదు.